మగ్గం గుంత

లేఅవుట్‌లో మా నంబరు రెండు వందల పదిహేడు.
ఉరవకొండ దాటి, సుడుగాడు దాటి,
శెనక్కాయల మిల్లు దాటి
ఎర్రమట్టి మీద సున్నంతో గీసిన గీత.
సెంటున్నర.
జాబితాలో నా పేరే: చౌడమ్మ, భర్త వన్నూరప్ప.
ఆ భర్త చెప్పులిడిచి
గీత లోపలికి కాలు పెట్టినాడు.

అంతకు ముందు
మాకేమీ లేదని చెప్పేకి
ఎన్ని కాయితాలు రాయిస్తిమో.
ఇల్లు లేదని ఒకటి,
భూమి లేదని ఒకటి,
ఇదివరకు సర్కారు ఇల్లు తీసుకోలేదని ఒకటి.
నోటరీ ఆయప్ప ముద్రకు నూటయాభై.
లేనిదాన్ని రుజువు చేసేకి
ఉండేదంతా అయిపాయ.

పద్దెనిమిదేండ్లలో ఏడు అద్దె ఇండ్లు.
దేవుని పటానికి మేకు కొట్టేకే ఒప్పుకోరు,
ఇంగ మగ్గానికి గుంత తవ్వనిస్తారా?
"నట్టింట్లో గుంతా?
ఇల్లనుకుంటివా, చేననుకుంటివా?"
అన్నాడు నాలుగో ఇంటి ఓనరు.
అందుకే మా ఆయన కాళ్లు
షావుకారి షెడ్డు గుంతలో ఉండేవి.
నేను ఇంట్లో కండెలు చుట్టేదాన్ని.
పట్టు షావుకారిది, మగ్గం షావుకారిది,
గుంతలో చీకటి గూడా షావుకారిదే.
పోగు తెగితే వచ్చే తిట్టు మటుకు మాది.

హౌసింగ్ సారు ప్లాను చూపించినాడు.
ఒక హాలు, ఒక రూము,
వంటకు మూల, వెనక కక్కసు.
అందరికీ అదే.
నేను కాయితం అటు తిప్పి ఇటు తిప్పి అడిగితి,
"సారూ, గుంత యాడుంది?"
"సెప్టిక్ గుంత వెనకాల వస్తాదిలేమ్మా."
అది గాదు సార్.

పునాది లేస్తే ఒక బిల్లు,
గోడలు లేస్తే ఒక బిల్లు,
స్లాబు పడితే ఒకటి.
ప్రతి బిల్లుకూ ఒక ఫోటో.
గోడ ముందర నిలబడాల, మొగం కనపడాల,
సారు సెల్లు ఆకాశంలో వెతికి
మా జాగా ఇదేనని ఒప్పుకోవాల.
సిమెంటు వచ్చిన నెల ఇసుక రాదు,
ఇసుక వచ్చిన నెల బిల్లు రాదు.
నడుమెత్తు గోడలు
రెండు వానకాలాలు తడిసినాయి.
సంఘంలో ముప్పై వేలు తీసుకుంటి.
నా కమ్మలు బ్యాంకులో నిద్రపోతాండాయి.
"సర్కారు ఇస్తాంటే మళ్లా అప్పెందుకు?"
అని మా చిన్నాయన.
ఆ దుడ్లు గోడల దాకా వస్తాయి నాయనా,
తలుపుల దాకా రావు.

అట్లని అబద్ధం చెప్పకూడదు.
అది రాకుంటే మొదటి వరస రాయి గూడా లేదు.
ఏ ఊర్లో ఎవరు కొన్న
అగ్గిపెట్టె మీది పైసానో
మా పునాదిలో ఉండాది.
పేర్లు తెలిస్తే
పాలు పొంగించిన నాడు పిలిచి ఉందును.

ఇంగ గుంత సంగతి.
పునాదిలో మన్ను నింపేటప్పుడు
మా ఆయన హాల్లో తాడుతో కొలిచి
అంత మేర నింపలేదు.
నేల సమంగా లేకుంటే బిల్లు పడదంట.
ఫోటో నాడు దాని మీద పలకలు పరిచి,
పలకల మీద గోనెసంచులు,
సంచుల మీద మేము ముగ్గురం.
నగుతాండాము.
కాళ్ల కింద ఒట్టిదే అని
ఆ సెల్లుకేం తెలుసు?

సారు ఒక అడుగు ముందుకు వేసినాడు.
డబ్బుమనింది.
మళ్లా మెల్లగా మడిమెతో తట్టి చూసినాడు.
నాకు గొంతు ఎండిపాయ.
మా ఇందుమతి నా కొంగు పట్టుకునింది.
సారు రెండడుగులు వెనక్కి పోయి,
సెల్లు ఎత్తి,
"పాప కొంచెం ఇట్ల జరగమ్మా," అన్నాడు,
"పలక అంచు కనపడతాంది."

ఇప్పుడు హాలంతా మగ్గమే.
పడుకునేకి జాగా లేదు,
మగ్గం కింద తలలు పెట్టి పండుకుంటాము.
ఇందుమతి గుంత గట్టున కూర్చుని
కాళ్లు లోపలికి వేలాడేసి లెక్కలు చేసుకుంటాది.
వాళ్ల నాయన వస్తే లేసి జాగా ఇస్తాది.
పక్కన రెండు వందల పద్దెనిమిది
ఇంగా పునాది దగ్గరే ఉంది,
మేకలు ఎక్కి ఎండకు కూర్చుంటాయి.

కరెంటు మీటరు రాలేదు.
తలుపు పెట్టలేదు, దుప్పటి కట్టినాము.
మీరు వస్తే తొలగించుకుని రాండి.
గడప దాటినాక మటుకు
కింద చూసుకోండి.