రానూపోనూ

నాలుగో గుడి దాటాక చెప్పు తెగింది.
అంతవరకూ పటం చూస్తూ నడిచాను,
అక్కణ్ణుంచి నేల చూస్తూ.

లువాంగ్ ప్రబాంగ్‌లో నేలకీ చెప్పుకోవలసినవి ఉన్నాయి:
ఇటుకల సందుల్లో తెల్లారుజామున జారిన మెతుకులు,
వాటి కోసం బారులు తీరిన చీమలు,
రాత్రి రాలిన దేవగన్నేరు పూలు.
ఇక్కడ వాటిని చంపా అంటారు.
మన సంపెంగ పేరు
ఏ ఓడెక్కి వచ్చి ఏ కొమ్మకు తగులుకుందో!

చీకటి ఉండగానే చాపలు పరిచారు.
తొంగ్‌సీ అవ్వ వెదురుబుట్ట మూత తీయగానే
ఆవిరి ఆమె కళ్ళద్దాలు మూసేసింది.
చూడకుండానే జిగురన్నం ఉండ చేసింది,
చూడకుండానే భిక్షాపాత్రలో వేసింది.
చూస్తున్నది మేమే,
వీధికి అవతల, ఫోన్లు పైకెత్తి.

వరస చివర పన్నెండేళ్ళ సామణేరుడు
ఆవులింత ఆపుకుంటూ వచ్చి
మూల మీద అట్టపెట్టెతో కూర్చున్న పిల్ల ముందు ఆగాడు.
తన పాత్రలోంచి మూడు ఉండలూ
ఒక బిస్కెట్ల పొట్లమూ ఆ పెట్టెలో పడేసి పోయాడు.
ఎవరు ఎవరికి పెట్టారో నేను తేల్చుకునేలోగా
అది మామూలు వీధైపోయింది.
మోటారుసైకిలు మీద ఎవరో
గోనె కప్పిన ఐసుదిమ్మ తీసుకుపోతున్నారు,
దారంతా నీటిచుక్కలు.

సంత సందులో నాచు ఎండుతోంది,
మెకాంగ్ నది రాళ్ళ మీద గీకి తెచ్చిన నాచు,
నువ్వులు చల్లి, కాగితంలా పరిచి.
పక్కనే ఊరవేసిన చేపల కుండ,
దాని పక్కనే ఫ్రెంచివాళ్ళు మరిచిపోయిన పొడుగు రొట్టెలు.
మూడు వాసనలూ గొడవపడకుండా
ఒకే గొడుగు కింద.

గులాబీ రంగు గోడ దగ్గర ఖంఫూయ్
రాలిన అద్దపు ముక్కలు అంటిస్తున్నాడు:
ఒక ఏనుగు చెవి, ఒక రైతు మోకాలు, సగం పడవ.
"పాతవేవి? నువ్వు పెట్టినవేవి?" అని సైగ చేశాను.
గోటితో ఒకటి తట్టాడు, ఇంకోటి తట్టాడు,
చెవి పెట్టి విన్నాడు,
నవ్వి చెయ్యి తిప్పేశాడు, తనకూ తెలీదని.

మధ్యాహ్నానికి కొండల మీద పోడు కాల్చిన పొగ
ఊరి మీదికి దిగింది.
నామ్ ఖాన్ ఏరు సన్నగా, మట్టిరంగులో.
దాని మీద వెదురు వంతెన,
ఈ చివర పాకలో సుంకం పెట్టె,
పెట్టె వెనక మణీవన్.
మణివర్ణమే కాబోలు,
ఇన్ని వందల ఏళ్ళు నోళ్ళలో నాని
గుడిమెట్టులా మధ్యలో అరిగింది.

"వాన రాగానే విప్పేస్తాం," అంది వచ్చీరాని ఇంగ్లీషులో,
"లేకపోతే ఏరే విప్పుకుపోతుంది."
ప్రతి ఏడూ మళ్ళీ కట్టడమేనా,
సిమెంటుతో ఒకటి కట్టేసుకోరాదా అన్నాను.
"మరి కార్తీకం చలిలో మా బావమరదులు ఏం చేస్తారు?
తాగి పడుకుంటారు!"
వెనక నులకమంచం మీద ఒక బావ ఈ మాట వినలేదు,
అప్పటికే పడుకున్నాడు.

నా చేతిలోని చెప్పు లాక్కుంది.
కత్తితో వెదురు చీల్చి, నీళ్ళలో ముంచి,
తెగినచోట దూర్చి ముడేసింది.
ఎంతిమ్మంటావని అడిగితే గడియారం వైపు చూపించి
"వేలా," అంది, "వేలా ఉందిగా నాకు."
నా నోట్లో ఉన్న వేళ
ఆమె నోట్లోంచి రావడం విని
కాసేపు జవాబు మరిచిపోయాను.
సుంకం మాత్రం పైసా తగ్గించలేదు.

వంతెన అడుగడుక్కీ కిర్రుమంది.
ఆవలి ఒడ్డున కాగితం చేసే ఇళ్ళు,
తడి చట్రాల్లో అతుక్కున్న పూరేకులు,
నన్ను లెక్కచేయని ఒక కుక్క.
ఎక్కడా బోర్డు లేదు, ఏదీ చూడమని.
చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి మణీవన్ లేదు.
ఆమె కూతురు లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని
పెద్దమనిషిలా చెయ్యి చాచింది.
జేబులో చెమటకు మెత్తబడిన చీటీ ఇచ్చాను.
వెలుతురుకెత్తి చూసి, నా కాళ్ళు చూసి,
చెప్పు మీది ముడిని గుర్తుపట్టి,
పొమ్మంది.