ఎనభై రెండు డిగ్రీలు

ఈ ఊళ్ళో కారుకి మొదటి శత్రువు గుంత కాదు, గాలి.
రాత్రిళ్ళు సముద్రం మీంచి లేచొచ్చి
తలుపు అంచులన్నీ నాకి పోతుంది.
పెదవాల్తేరులో మూడో అంతస్తు మాది.
కిటికీ చువ్వలూ, కింద నిలబెట్టిన మారుతి అడుగురేకూ
ఒకే జబ్బుతో పొరలు పొరలుగా రాలుతుంటాయి.
ఉప్పు తెచ్చిన తుప్పుని
ఆదివారం ఆదివారం
ఉప్పుకాగితంతోనే గీకుతాను.

కిందటి పుష్యమాసంలో లంబసింగి వెళ్ళాం.
నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కామో లేదో
మూడో మలుపులో మంచు
రోడ్డుని మడిచి జేబులో పెట్టేసుకుంది.
హీటర్ మీట జరిపితే
ఫ్రిజ్ తలుపు తీసినంత గాలి.
ముగ్గురి ఊపిరీ లోపలి అద్దానికి అంటుకుంటే
మా అత్తగారు నూకరత్నం తువ్వాలుతో తుడుస్తూనే ఉంది:
"ఇది కారా, అయిసు డబ్బావా?"
వెనక సీట్లో మా ఆయన కళ్ళు మూసుకుని
సింహాద్రి అప్పన్నని పిలుస్తున్నారు.
ఇంజను వేడి చూపే ముల్లు
అట్టడుగున పడుకుని లేవనంటోంది.
ముందు పోతున్న పాలవ్యాను ఎర్రదీపం
చిటికెన వేలు పట్టుకున్నట్టు పట్టుకుని
రెండో గేరులో ఎక్కాం.

కింది ఫ్లాటు దాలినాయుడు షిప్‌యార్డులో వెల్డరు.
బానెట్ ఎత్తి, గొట్టం విప్పి, వేలు పెట్టి చూసి
"ఇక్కడ ఉండాల్సింది లేదండి" అన్నాడు.
థర్మోస్టాట్.
ఎప్పుడో ఏ మెకానిక్కో పీకి పారేసి ఉంటాడట,
వైజాగు ఎండకి దీంతో పనేటి అని.
ఇన్నేళ్ళూ పాపం ఆ ఇంజను
సరిగ్గా వేడెక్కకుండానే ముసలిదైపోయింది.

గాజువాకలో నాలుగు కొట్లు తిరిగితే దొరికింది.
అరచేతిలో ఇమిడేంత. ఇత్తడి బొడ్డు, ఒక స్ప్రింగు,
అంచున చెక్కిన అంకె ఎనభై రెండు.
కొన్నదాన్ని కొన్నట్టు నమ్మి బిగించడం నాకు చేతకాదు.
గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి,
మా బడి ల్యాబు నుంచి తెచ్చిన థర్మామీటరు ముంచి
స్టవ్ వెలిగించాను.
"అది నా పాలగిన్నె కాదేటే!"
అని అరిచిన మనిషే
పీట జరుపుకుని పక్కన కూర్చుంది.

అరవై. డెబ్భై. ఏమీ లేదు.
దాలినాయుడు గుమ్మం బయట చెప్పులు విడిచి
ఒంటికాలి మీద నిలబడ్డాడు.
డెబ్భై ఎనిమిది. హార్బరులో ఏదో ఓడ కూత వేసింది.
ఎనభై మూడు దగ్గర
ఇత్తడి పళ్ళెం వెంట్రుకవాసి కదిలింది.
ఆ తర్వాత నిదానంగా,
అలిగిన పిల్ల ముద్దకి లొంగినట్టు...
"తెరిసింది! నోరు తెరిసింది సూడండి బాబూ!"
ఆ కేకకి ఎదురు మేడ మీద కుక్క లేచి మొరిగింది.

పదహారేళ్ళ కాపురంలో
ఆవిడా నేనూ కలిసి ఒక గిన్నెలోకి చూడటం
బహుశా అదే మొదలు.

మిగిలిన రెడ్ ఆక్సైడ్ కిటికీ చువ్వలకి పూశాను.
కారు తలుపు సొట్టకి కలిపిన పుట్టీ ఎక్కువైతే
వంటింటి గోడ బీటలో కూరాను.
"గోడ జబ్బు వేరు, రేకు జబ్బు వేరు"
దాలినాయుడు వద్దంటూనే ఉన్నాడు.
అతనిదే నిజం. తొలి వానకే ఊడి
పప్పుడబ్బాలో పడింది.

ఇవాళ మళ్ళీ అదే ఘాట్, అదే మూడో మలుపు.
బయట తెల్లగా ఏమీ లేదు.
ముల్లు మాత్రం లేచి మధ్యలో కూర్చుంది.
మీట జరిపాను.
మొదట పాతదుమ్ము వాసన,
ఆ వెనకే
ఇస్త్రీ తీసిన బట్టలోంచి వచ్చేలాంటి వెచ్చన.
నూకరత్నం రెండు అరచేతులూ గాలికి చాపి
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత అంది:
"మరేటనుకున్నావు, నా గిన్నెలో ఉడికింది."

ఎడమ చక్రం దగ్గర
కొత్తగా ఏదో కిర్రుమంటోంది.
వచ్చే ఆదివారం చూడాలి.