నలభై సెకన్లు

కయానీ ఆసుపత్రి నేలమాళిగలో ఒక స్విచ్,
రోడ్డవతల పిల్లల వార్డులో ఇంకోటి.
పది సెకన్లకోసారి ఇది "ఉన్నావా" అంటుంది,
అది "ఉన్నా" అంటుంది.
ఇంత మాటకారితనం
మా ఫిన్లండు మనుషులకు లేదు.

మొన్న రాత్రి రెండుంబావుకి
మంచు తోసే బండి గీకకూడని చోట గీకింది.
మధ్యలో పాత కన్వర్టర్ ఒకటుంది కదా,
దాని పుణ్యాన దీపం ఆకుపచ్చగానే వెలుగుతోంది,
అబద్ధమాడుతూ.
పది. ఇరవై. ముప్పై.
నలభయ్యో సెకనుకి
పొరుగువాడు పోయాడని రాసేసుకుంది ఓఎస్‌పీఎఫ్.
ఏడవలేదు. అందరికీ చాటింది.
విన్న ప్రతి పెట్టే తన పటం చెరిపి మళ్ళీ గీసుకుంది.
ఎవరి బిడ్డదో ఎక్స్‌రే
లాండ్రీ భవనం మీదుగా, ఉతికిన దుప్పట్ల పక్కనుంచి,
చుట్టు తిరిగి డాక్టరమ్మ తెర మీద తేలింది.
ఆవిడ కప్పులో కాఫీ కూడా తొణకలేదు.

పాత రికార్డుల గదిలో మాత్రం ఇంకా రిప్.
దానికి పటం లేదు, పక్కవాడు చెప్పిందే వేదం.
పదిహేను గడపల దాకా లెక్కొచ్చు,
పదహారంటే అనంతం.
తీసేద్దామంటే మా పెద్దాయన ఐమో ఒప్పుకోడు,
"నా లెక్కా అంతే" అంటాడు.

తెల్లారి ఇంటి మెట్లెక్కుతుంటే
ఎదురు తలుపు అన్సెల్మి గుర్తొచ్చాడు.
పదకొండేళ్ళలో మా మధ్య నడిచింది
రోజుకో తల పంకింపు.
గురువారం నుంచీ ఆయన పార చప్పుడు లేదు.
గడప ముందు పేపర్లు మూడు.

నలభై దాకా లెక్కపెట్టలేకపోయాను.
కొట్టాను.
చాలాసేపటికి
ఒక అడుగు, ఒక కర్ర, మళ్ళీ అడుగు.
"ఎవరు?"

"ఏం లేదు,
ఉన్నారా అని."