బైటూ

గాంధీ బజారులో పొద్దున ఏడుకి
అవరెకాయల గుట్టల దగ్గర
చలి కూడా పచ్చివాసన వేస్తుంది.
లారీ దిగిన గోనెసంచుల మీద మంచు ఇంకా ఆరలేదు.
కెంపమ్మ తూకం వేసి, ముల్లు నిలిచాక,
ఇంకో నాలుగు కాయలు
నా సంచిలో పడేసింది,
నా మొహం వైపు చూడకుండానే.

ఆ చెయ్యిని నేను ఇంకో ఊళ్ళో చూశాను.

ఆన్సీ. జూన్ నెల, ఆదివారం సంత.
కాలవ ఒడ్డున చారల గొడుగుల కింద
తిరగలి రాళ్ళంత చీజు బిళ్ళలు.
చంద్రమతి ముక్కు మూసుకుంది.
నేను ధర చూసి కళ్ళు మూసుకున్నాను.
ట్రంకు కాల్ ఆపరేటర్లం మేమిద్దరం,
ముప్పై రెండేళ్ళు
ఊరికీ ఊరికీ తీగ కలిపి
ఏ ఊరూ చూడకుండా రిటైరైనవాళ్ళం.
చీటీ పాట డబ్బుతో పదకొండు రోజులు కొనుక్కున్నాం.

టీ కొట్టంటే కొట్టు కాదది, పెళ్ళివారి విడిది.
తెల్లటి గుడ్డ, వెండి చెంచాలు,
ఒక్క కూజా టీ మన లెక్కలో ఆరువందలు.
"ఆ డబ్బుతో మా వీధి వీధంతా తాగుతుంది"
అని చంద్రమతి రెండు వేళ్ళు చూపించి
గట్టిగా, కన్నడంలో అడిగినంత ధీమాగా,
"బైటూ" అంది.
ఆ పిల్లకి వినబడింది మొదటి ముక్కే.
వెళ్ళిపోతున్నారనుకుని
చక్కగా నవ్వి చెయ్యి ఊపింది.
మర్యాద కదా, మేమూ ఊపాం.
ఊపి, కూర్చునే ఉన్నాం.

చివరికి వచ్చింది.
తంగేడు పూల కషాయంలా పల్చగా,
పాలు అడిగితే ఉగ్గుగిన్నెడు, అదీ చల్లగా.
తోడు ఒక పొరల మిఠాయి.
వెయ్యి రేకులని దాని పేరట.
ఫోర్కు దించితే ఒక రేకు పక్క బల్లకి ఎగిరింది,
క్రీము నా చీర కుచ్చిళ్ళలోకి జారింది.
చంద్రమతి నోట్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత తీర్పు చెప్పింది:
"మన చిరోటీకి పెదనాన్న కూతురు.
బాగా డబ్బున్న సంబంధం చేసుకుంది."

తిరిగొస్తూ ఆప్రికాట్లు కొన్నాం.
బొటనవేలు సగమే ఉన్న ముసలాయన.
మేం తెలుగులో బేరమాడాం,
ఆయన ఆయన భాషలో ఒప్పుకోలేదు.
డబ్బు లెక్కపెట్టుకుని, కాగితం సంచి మూతి మడిచి,
ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ విప్పి
ఒక పండు పైన పెట్టాడు.
మా మొహాల వైపు చూడలేదు.
"వీడికెవరు నేర్పారే కొసరు!" అంది చంద్రమతి,
వంతెన దాటేదాకా ఆ ఒక్క పండూ
చేతిలోనే పట్టుకుని నడిచింది.
సగం కొరికి నాకిచ్చింది.
పుల్లగా ఉంది, నిజం చెప్పాలంటే.

ఇప్పుడామె హనుమంతనగర్‌లో, మూడో అంతస్తు,
లిఫ్టు లేదు, రెండు మోకాళ్ళలోనూ స్టీలు.
శనివారం శనివారం సంచితో ఎక్కుతాను.
అయ్యంగార్ బేకరీ ఖారా బన్ను ఒకటి,
మధ్యకి కోసి వెన్న రాసింది.
ఒక గ్లాసు టీ రెండు లోటాల్లోకి.
నురగ ఎటు ఎక్కువ పడిందో ఇప్పటికీ పోట్లాట.

"కొసరేం వేసింది?"
ప్రతివారం మొదటి ప్రశ్న అదే.
నాలుగు కాయలూ విడిగా పెట్టాను.
ఒలిచింది. పుచ్చులు పోగా పదకొండు గింజలు.
నీకైదు, నాకైదు.
మిగిలినదాన్ని గోటితో చిదిమింది,
పప్పు రెండు బద్దలవుతుంది కదా అని.
అది జారి
సోఫా కిందికి దూకింది.

ఇద్దరం సోఫా వైపు చూశాం.
ఇద్దరికీ కలిపి వంగే మోకాళ్ళు
నావి రెండే.

వంగాను.