తొమ్మిదో పేరు

దుబాయిల మ్యాపుల ఆఫీసు. నా పని
చుక్క పక్కన పేరు ఎక్కడ కూసుందో చూసుడు.
కూసోవెట్టేది నేను కాదు, ప్రోగ్రాము.

ముందు కుడిపక్క పైన చూస్తది.
అక్కడ మాల్ పేరు అడ్డమొస్తే కుడి కింద,
తర్వాత ఎడమ, నెత్తిన, కాళ్లకాడ...
ఎనిమిది చోట్లు. అంతే.
ఎక్కడా ఇమడకుంటే పేరు తీసేస్తది.
చుక్క మాత్రం ఉంటది, మూగగ.

నిన్న సజ్జ దిక్కు ఓ క్యాంపు పేరు అట్లనే పోయింది.
మూడు వేలమంది పండుకునే జాగ.
దాని మీద టైర్ల గోదాము పేరు,
అరబ్బీల ఒకసారి, ఇంగ్లీషుల ఒకసారి,
కాళ్లు బార్లా చాపి పండుకుంది.
"లోపమేం లేదు" అని రిపోర్టుల రాసిన.
నిజంగనే లేదు. ఏ అక్షరమూ ఏ అక్షరాన్నీ తాకలేదు.

రాత్రి రోలాల రూముకొచ్చిన.
ఎనిమిది మంచాలు, కింద నాలుగు, మీద నాలుగు.
తలుపుకాడ బ్యాగు పట్టుకొని గంగరాజం,
కథలాపూర్ నుంచి పొద్దుగాలనే దిగిండట.
మంచాలు లెక్కవెట్టిన. అలవాటు కదా,
కుడిపక్క పై మంచం నుంచే మొదలువెట్టిన.

ఇబ్రహీం భాయ్ లేచి దుప్పటి దులిపిండు:
"నాది నైట్ డ్యూటీ. ఆరు దాకా నీదే, పండుకో.
మెత్తకు నూనె అంటనియ్యకు."

ఈ లెక్క మా ప్రోగ్రాముకు రాదు.
దానికి రాత్రీ పగలూ తెల్వదు.

ఆరింటికి గంగరాజం లేచిన సప్పుడుకు మెలకువొచ్చింది.
మెత్త తిరగేసి పెడుతుండు,
సల్లటి దిక్కు పైకి.