బొరుగు పాలపళ్ళు

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో
మిద్దె మీది గదిలో నాది పళ్ళ పని.
డాక్టర్లు అచ్చులు పంపుతారు, నేను పళ్ళు పంపుతా.
గులాబి మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెడతా.
ఈ పక్క ముసలోళ్ళ నవ్వుల్లో సగం
నా చేతి మీదుగా పోయినవే.

ఆడి నెల వానలో తడిసి
మెట్ల కింద దొరికింది. మూడు నెలల పిల్ల.
తెల్లగా, ఊదితే ఎగిరిపోయేటట్టు.
మా తన్విక బొరుగు అని పేరు పెట్టింది.
బొరుగు గదా, మెత్తగా ఉంటుందనుకున్నాం.

మొదట పోయింది నా ఎడమ చెప్పు.
తర్వాత కుడిది. పక్షపాతం లేదు.
చార్జర్ వైరు (స్విచ్చి ఆపుండబట్టి సరిపోయింది),
కుముద కొత్త చీరకు ఫాల్, దర్జీ విప్పినంత నీటుగా.
కుర్చీ కాలొకటి సగమైంది.
ఇప్పుడా కుర్చీ కాణిపాకం దిక్కుకు వంగి
దండం పెడతా ఉంటుంది.

అరిచినా. పేపరు చుట్టి నేల మీద కొట్టినా.
వేపాకు నూరి మిగిలిన కాళ్ళకు పూస్తే
నాకి, తుమ్మి, వాకిలి పట్టెకు మారింది.
చెప్పు పట్టుకొని గుంజితే
చెప్పుతో పాటు అదీ వచ్చింది, తోకూపుకుంటా.
దానికి ఆట.
నాకు నాలుగు నూర్ల యాభై.

పెరటాసిలో ఒక రాత్రి.
దొరస్వామి మొదలియారు పైసెట్టు
పొద్దున పదికంతా ఇయ్యాల.
కోర్టులో సాక్ష్యం ఉందంట,
పళ్ళు లేని మాట జడ్జికి ఎక్కదంట.
మైనంలో పళ్ళన్నీ కూర్చి, బల్ల మీద పెట్టి
నీళ్ళు తాగి వచ్చేలోపల
బొరుగు నోట్లో మొదలియారు నవ్వుతా ఉన్నాడు.

చెయ్యెత్తినా.
కుముద ఏమీ అనలేదు. పెద్ద లైటు వేసింది.

ఆ వెలుతురులో చూసినా, మైనం మీద గాట్లు.

ఇరవై రెండేండ్లుగా కొరుకుడు చదివి బతుకుతా ఉండా.
ఎవరు ఒక పక్కే నములుతారో
ఎవరు నిద్రలో పళ్ళు నూరుతారో
మైనం ముక్క చేతికిస్తే చెప్పేస్తా.
ఈ పిల్ల రెండు నెలలుగా
ఇల్లంతా అచ్చులు వేసి పెడతా ఉంటే
చెప్పు ధర లెక్కేసుకున్నా గాని
చెప్పును చదవలేదు.

కింద ఎడమ పక్క ఒక సందు. పన్ను ఊడిన చోటు.
అక్కడే, మళ్ళా అక్కడే, ఇంకోసారి అక్కడే
గట్టిగా అదుముకున్న గుర్తు.
పొగరు కాదు. చిగుళ్ళ సలుపు.

ఎత్తిన చెయ్యి యాడ పెట్టాలో తెలీక
తల గోక్కున్నా.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు మునెయ్య
సూది కడుగుతానే అన్నాడు:
"నోరు మూయించబాకన్నా. నోటికి పని చూపించు."

పాత టవలు చింపి, ముడేసి, తడిపి
ఫ్రిజ్జులో గడ్డకట్టించినాం.
చెప్పు పట్టిందా, అరవకుండా ముడి చూపించేది.
చెప్పు వదిలి ముడి పట్టిందా, శభాష్ అనేది,
అరచేతిలో నాలుగు బొరుగులు.
బొరుగుకు బొరుగులే లంచం.
చెప్పులు బీరువా మీదికెక్కినాయి.
వైర్లు గోడకెక్కినాయి.
సగం శిక్షణ మాకే.

అంత బిరీన అయ్యే పనా అది!
తన్విక లెక్కల నోటు పోయింది.
కుక్క తినిందంటే టీచరు నమ్మలేదు,
తినిన మిగతాది సంచిలో వేసి పంపినాం.

మొదలియారు సెట్టు రాత్రంతా కూర్చొని మళ్ళా చేసినా.
కేసు ఏమైందో ఆయన చెప్పలేదు.
వారానికి వచ్చి
"ఎడమ పక్క రవంత గుచ్చుకుంటా ఉంది నాయనా" అన్నాడు.
బొరుగూ నేనూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం.

నిన్న కసువు ఊడుస్తా ఉంటే చీపురుకు తగిలింది,
బియ్యపు గింజంత పన్ను.
పేడలో చుట్టి మిద్దె మీదికి ఎయ్యాలని తన్విక.
ఒక్క నిమిషం ఆగమని
పళ్ళ రంగుల కార్డు పక్కన పెట్టి చూసినా.
పదహారు తెలుపుల్లో
ఏ నంబరుకూ కుదరలేదు.

పక్క గదిలో కరకర మంటా ఉంది.
కుర్చీ రెండో కాలనుకుంటా.
ముడి యాడ పెట్టినారే కుముదా?