రెండు కత్తెరలు

శుక్రవారం రాత్రి షట్టరు సగం దించి
మిషను మీద పాత చీర కప్పి
మెడల టేపు తీసి మేకుకు తగిలిస్త.
పది నిమిషాలకు అదే మెడల స్టెతస్కోపు.
మెడకు తేడా తెల్వది.

వారాసిగూడల పగలంత
ఫాల్సు, పీకో, పాత ప్యాంట్లకు జిప్పులు.
వారానికి రెండు రాత్రులు అంబులెన్సు వెనక సీటు.
ఇస్తరా ఏమన్న? అని మా ఆయన అడుగుతడు.
ఇస్తరు. చాయ్ ఖర్చుకంటె ఎక్కువ,
నడుముకు రాసుకునే మందుకంటె తక్కువ.

బ్యాగు తొమ్మిది కిలోలు.
మొదటి నెల రోజూ విప్పి లెక్కవెట్టేదాన్ని.
ఇప్పుడు ఎడమ భుజమే జెప్తది:
సెలైన్ సీస ఒకటి తక్కువున్నది, చూస్కో.

గ్లౌజులు ఎప్పుడొచ్చినా పెద్ద సైజే,
కొలత తీసుకోకుండ కుట్టినోడెవడో!
వేళ్ళ కొసల ఖాళీ సంచులు వేలాడుతుంటె
వాటిని గుంజిపట్టి నాడి వెతకాలె.
మే నెలల విప్పితె ఒక్కో దాంట్ల
చెంచెడు చెమట.

ప్యాంటు మగోళ్ళ కొలతది ఇచ్చిన్రు.
నడుము నేనే పట్టిన, కత్తెరకు జేబు పెట్టిన,
మోకాళ్ళ లోపల రెండు పొరల కాన్వాసు వేసిన,
రోడ్డు మీద మోకరిస్తె కంకర గుచ్చద్దని.
అది చూసి షుకూర్ భాయ్ కుట్టించుకున్నడు,
ఆయన వెనక ఇంకో నలుగురు.
పైసలు తీసుకోలె, బేరం జేసిన ఒక్కని దగ్గర తప్ప.

టార్చి పండ్ల మధ్య.
దాని మీద గీతలన్ని నా పండ్లయే.

అడ్డగుట్టల మూడో అంతస్తు, ముప్పైతొమ్మిది మెట్లు.
మలుపుల స్ట్రెచరు తిరగలె.
నూట ఆరు కిలోల సారును దుప్పట్ల ఎత్తినం.
కింది మెట్టు మీదున్నోళ్ళకే బరువు.
కింద నేనే, ఇరుకు గోడకు సరిపోయే మనిషినని.
సారు భయానికి రెయిలింగు పట్టుకున్నడు.
ఇడువు సారూ, చేతులు ఛాతీ మీద పెట్టుకో.
మోయగలుగుతవా బిడ్డా?
మాట్లాడకు సారూ, మాట గూడ బరువే.

సోమవారం పెడలు తొక్కుతుంటె
పిక్కల్ల ఆ మెట్లన్ని ఒక్కొక్కటే దిగుతయి.
గాలి బెలూను నొక్కి నొక్కి వచ్చిన చెయ్యి
సూది బెజ్జం ముందు వణుకుతది.
దారం ఎక్కియ్యమని పక్కింటి పిల్లను పిలుస్త.
ఏమైంది అక్కా అంటది.
అద్దాలు మర్చిపోయిన అంట.

మొన్న శనివారం, తార్నాక దగ్గర.
బండి ఒక దిక్కు, పిల్ల ఒక దిక్కు.
నీలం కుర్తా, కుడి చేయి కింద తడి.
శిక్షణల జెప్పిన్రు: కుట్టు మీద కత్తెర పెట్టద్దు,
అక్కడ గుడ్డ మందం, ఆలస్యమైతది,
పక్కనుంచి నేరుగ కొయ్యి.
తెలుసు.
ముందు నేరుగనే కోసిన.
రక్తం ఆగి, పట్టీ పడి,
భుజం దాక తెరవాల్సొచ్చినప్పుడు మాత్రం
ఎవరు జెప్పకుండనే నా చెయ్యి
కుట్టు వెంబడి పోయింది,
గుడ్డను ఎక్కడ విప్పితె
మళ్ళ కలపొచ్చో అక్కడనే.

గాంధీ ఆస్పత్రి గేటు కాడ ఆ పిల్ల కళ్ళు తెరిచి
కొత్త డ్రెస్సు... అన్నది.
నొప్పి అనలె, అమ్మా అనలె.
కుట్టొచ్చు అన్న నేను.
షుకూర్ భాయ్ అద్దంల నుంచి చూసిండు.

ముక్కలు కవర్ల వేసి వాళ్ళన్నకు ఇచ్చిన,
లోపల మా దుకాణం చీటీ పెట్టి.
తప్పేమో, రూల్సుల ఉన్నదో లేదో.

ఆ నీలం దారం నా డబ్బాల లేకుండె.
మోండా మార్కెటుల మూడు షాపులు తిరిగి
ఒక రీలు తెచ్చి పెట్టిన.
ఇయ్యాల గురువారం.
రేపు రాత్రి బ్యాటరీలు మార్చాలె,
భుజం పట్టీ తెగింది,
దానికి ముందు రెండు బ్లౌజులున్నయి.